సిస్టరమ్మ సంతకం పెట్టని కాగితం

సిస్టరమ్మ పోయిందని చెప్పడానికి ఆసుపత్రి ఆయా మా బడికే వచ్చింది. మూడో పీరియడు నడుస్తోంది. ఆయా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పిల్లల ముందు ఏడవకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సిస్టరమ్మ పాయె తల్లీ. నిన్న మద్యాన్నం అన్నం తిని కుర్చీలో కూసునింది. మళ్లా లేవలా. సాయంత్రం నాలుగింటికి మట్టి చేస్తారంట."

పిల్లలకి లెక్కలిచ్చి బయటికి వచ్చాను. సాయంత్రం అమ్మతో కలిసి సమాధుల తోటకి వెళ్లాను. ముప్పైమందికి మించి లేరు. పాదిరిగారి ప్రార్థన అయ్యాక ఆసుపత్రి పెద్ద డాక్టరు ముందుకొచ్చి నాలుగు ముక్కలు మాట్లాడాడు. ఆమె ఎంతో వినయం గల మనిషట. ఇన్నేళ్ల సర్వీసులో చెప్పిన మాటకి ఎన్నడూ ఎదురు చెప్పలేదట. అలాంటి విధేయులు ఇక దొరకరట. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషిని మట్టిలో పెట్టేటప్పుడు కూడా అబద్ధమేనా? ఆమె ఎదురు చెప్పింది. సరిగ్గా ఆయనకే చెప్పింది. ఆ రోజు ఆ గదిలో నేనున్నాను, మా నాయన ఉన్నాడు, మా పెదనాయన ఉన్నాడు. ఆమె ఎదురు చెప్పి ఉండకపోతే ఇవాళ నా పక్కన నిలబడి గుప్పెడు మట్టి వేసిన మా అమ్మ ఎక్కడ ఉండేదో, అసలు ఉండేదో లేదో నాకు తెలియదు. ఆమెకి అంటగట్టిన ఆ వినయాన్ని తీసెయ్యడానికే ఇది రాస్తున్నాను.

సిస్టరమ్మది బాపట్ల వైపు పల్లె. మిషను ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, పాతికేళ్లు నిండకుండా ఒంటరిగా బెంగళూరు వచ్చింది. కంటోన్మెంటులో నరాల జబ్బులు చూసే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. అక్కడికి ఒక విదేశీ డాక్టరు మెదడు గీతలు తీసే మిషను తెప్పించాడు. తలకి చిన్న చిన్న వెండి బిళ్లలు అంటించి, వాటి తీగలు మిషనుకి తగిలిస్తే, వరసగా ఉన్న ఎనిమిది కలాలు కదిలిపోయే కాగితం మీద గీతలు గీస్తాయి. ఆ డాక్టరు ఆమెని రెండేళ్లు దగ్గర కూర్చోబెట్టి పని నేర్పి, తన దేశం వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ మిషను గురించి ఆమెకి తెలిసినంత ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఒప్పుకోవడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

బిళ్లలు అంటించే జిగురు చల్లగా ఉంటుంది. ఆమె దాన్ని ముందు తన అరచేతిలో పెట్టుకుని వెచ్చబడ్డాకే తలకి రాసేది. పని అయ్యాక వేడినీళ్లలో గుడ్డ ముంచి జిగురంతా తుడిచి, కొబ్బరినూనె రాసి, ఆడవాళ్లకైతే చిక్కు తీసి జడ వేసి పంపేది. "ఇదంతా మీ పనా?" అని వార్డు నర్సులు నవ్వేవాళ్లు. "అట్టలు కట్టిన తలతో ఇంటికెళ్తే వీధిలో వాళ్లు పిచ్చిదనే అంటారు. ఆ పేరు మనం ఎందుకు పెట్టాలి?" అనేది.

మా అమ్మని అక్కడికి తీసుకెళ్లింది పన్నెండేళ్ల కిందట. మాది కబ్బన్‌పేట. ఇంట్లో మగ్గాలుండేవి. నా తర్వాత చాలా ఏళ్లకి పుట్టిన మగబిడ్డ ఇరవై రోజులకే పోయాడు. నెల తిరక్కుండా అమ్మ మాట మానేసింది. తర్వాత నడక మానేసింది. చెయ్యి పైకెత్తి వదిలితే అలాగే గాలిలో ఉండిపోయేది. నేను ముద్దలు కలిపి నోట్లో పెడితే మింగేది, లేకపోతే లేదు. పది నెలలు అలాగే గడిచాయి. నాకప్పుడు పదహారేళ్లు.

ఇంట్లో మాట చెల్లేది పెదనాయనది. నాయన ఆయన ముందు నోరెత్తేవాడు కాదు. అమ్మకి ఇక బాగుకాదని డాక్టరు రాసిస్తే, ఆమెని ఏ పిచ్చాసుపత్రిలోనో శాశ్వతంగా చేర్పించి, నాయనకి ఇంకో పెళ్లి చెయ్యాలని పెదనాయన ఆలోచన. దాచేవాడు కూడా కాదు.

"ఇంట్లో మొగపిల్లోడు లేడు. ఈమె ఇట్ల బొమ్మ మాదిరి కూసోని ఉండాది. ఎన్నాళ్లని చూస్తామప్పా?" అనేవాడు, అమ్మ పక్కనే కూర్చుని. గోడకి వినిపిస్తుందేమో గానీ ఆమెకి వినిపించదన్నట్టు.

పెద్ద డాక్టరు అమ్మని చూసింది ఒక్కసారి, కొద్ది నిమిషాలు. కళ్లలో లైటు వేసి, మోకాలి మీద తట్టి, "లోపల ఏమీ మిగల్లేదు. మెదడు గీతలు ఒకసారి తీయించండి, రాసిచ్చేస్తాను" అన్నాడు.

అలా సిస్టరమ్మ గదికి వెళ్లాం. మొదటి రోజు గీతలు తీశాక ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది.

"గీతలు బానే ఉన్నయ్ అమ్మాయ్. పడుకుని ఊరికే కళ్లు మూసుకున్న మనిషికి ఎట్టా ఉంటయ్యో అట్టానే ఉన్నయ్" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీ అమ్మకి బాగా సంతోషమైన రోజు ఏది?" అని అడిగింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇప్పుడు సంతోషం మాట ఎందుకు సిస్టరమ్మా?"

"అవసరముండే అడుగుతున్నా. చెప్పు."

ఆలోచించాను. అమ్మ ఎన్నింటికి లేస్తుందో తెలుసు. ఏ కూరలో ఎంత కారం వేస్తుందో తెలుసు. కండెలు చుట్టేటప్పుడు ఏ వేలు తెగుతుందో తెలుసు. ఆమె సంతోషపడిన రోజు ఒక్కటీ తెలియదు. పదహారేళ్లు ఆమె చేతి అన్నం తిని, ఆ ఒక్కటీ ఏనాడూ అడగలేదు. పెదనాయన మీద ఉన్న కోపంలో సగం ఆ పూట నా మీదికే మళ్లింది.

"తెలీకపోతే తెలుసుకుని రా. బుధవారం దాకా టైముంది" అంది సిస్టరమ్మ. "పెళ్లిరోజు కబురు మాత్రం తేబాక. ఆమెకే సొంతమైంది ఏదన్నా ఉంటది, అది కావాలి."

మరునాడే దేవనహళ్ళి బస్సెక్కి అవ్వ దగ్గరికి వెళ్లాను. మా అమ్మమ్మని మేం అవ్వ అనేవాళ్లం. ఆమె కూడా మొదట విసుక్కుంది. "దానికి సంతోషమేం ఉండాదే? చిన్నప్పుడే పెళ్లి చేసి పంపిస్తిమి." అంతలో ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"ఒగ దినం సైకిలు తొక్కింది చూడు! పన్నెండేళ్లది. మీ తాతకి తెలీకుండా బాడిగ సైకిలు తెచ్చుకోని, కోటలో వీధంతా తొక్కె. ఆపేది గొత్తు లేదు దానికి. పోయి పోయి తలకాయంతేసి చక్కోతపండ్ల కుప్పలో పడె. సంతకి పెట్టుకున్న కుప్ప! పండ్లన్నీ వీధి కిందికి దొర్లతా ఉండాయి, జనమంతా వాటెనక పరిగెత్తతా ఉండారు. పండ్లామె తిడుతుందనుకుంటే, కడుపు పట్టుకోని నగె. పగిలిన పండు ఒగటి దీని చేతిలో పెట్టి పంపె. దాన్ని రెండు చేతులా పట్టుకోని వస్తా ఉండాది, మోకాళ్లు రెండూ చీరుకోని రక్తం, మొగంలో మాత్రం... అట్లాంటి మొగం నేను మళ్లా చూడలేదే."

నన్ను సైకిలు ముట్టుకోనివ్వని మా అమ్మ! అవ్వ చెబుతూ ఉంటే ఆమె నాకు తెలియని మనిషిలా అనిపించింది.

బుధవారం సిస్టరమ్మ చాలా జాగ్రత్తగా ఏర్పాట్లు చేసింది. అమ్మ కళ్లు మూసి, వాటి మీద తడిపిన దూది పెట్టి, మెత్తగా కట్టు కట్టింది. కళ్లు కదిలితే గీత చెడుతుందట. నా చేతికి రెండు కాగితాలిచ్చింది. ఒకదాని మీద ఆసుపత్రి దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ల పట్టీ. రెండోదాని మీద అవ్వ చెప్పిన కథ, నేను రాసుకొచ్చింది.

"రెండూ ఒకే గొంతుతో చదవాల. దుప్పట్లు ఎట్టా చదివావో సైకిలూ అట్టానే చదవాల. నీ గొంతు వణికితే ఆ వణుక్కే మీ అమ్మ కదిలిందంటారు. ఏడవాలంటే బయటికెళ్లాక ఏడువు."

దుప్పట్లు చదివాను. కలాలు ఒకే తీరుగా చిన్న చిన్న అలలు గీసుకుంటూ పోయాయి. తువ్వాళ్లు చదివాను, అవే అలలు. కథ మొదలుపెట్టాను. కోట అన్నాను, వీధి అన్నాను, సైకిలు అన్నాను. అలలు తెగిపోయాయి. ఎనిమిది కలాలలో తల వెనక వైపు బిళ్లలవి నాలుగూ దాదాపు చదునుగా గీస్తున్నాయి. సిస్టరమ్మ కాగితం అంచున పెన్సిలుతో గుర్తు పెట్టి, చదువుతూనే ఉండమని చేత్తో సైగ చేసింది. పండ్లు దొర్లాయి, జనం పరిగెత్తారు. కథ అయిపోయాక కాసేపటికి అలలు మళ్లీ మెల్లగా వచ్చాయి. దుప్పట్లు మళ్లీ చదివించింది. అలలు అలాగే ఉన్నాయి. సైకిలు మళ్లీ. చదును. మూడు విడతలు చేయించింది.

నేను అమ్మ ముఖం చూస్తూనే ఉన్నాను. ఏమీ లేదు. పెదవి కదల్లేదు, వేలు కదల్లేదు. కాగితం మీద తప్ప ఎక్కడా ఏమీ జరగలేదు.

"అమ్మకి సంతోషమయిందా సిస్టరమ్మా?" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "అంత దూరం చెప్పలేనమ్మాయ్. సంతోషమో దుఃఖమో మిషనుకి తెలీదు. ఊరికే ఉన్న మనసు దేన్నన్నా పట్టుకుంటే ఆ అలలు ఆగిపోతయ్. దుప్పట్లు పట్టుకోలా. సైకిల్ని పట్టుకుంది. అంటే వింటోంది, ఏది తనదో ఎరుగుద్ది. ఇది మాత్రం ఎవరి ముందైనా చెప్తా."

చెప్పింది. మర్నాడు పెద్ద డాక్టరు గదిలో, అమ్మని పక్కనే కుర్చీలో కూర్చోబెట్టి ఉండగా, మా ముగ్గురి ముందూ చెప్పింది. ఆయన కాగితం మడతలు రెండు తిప్పి పక్కకి నెట్టాడు.

"చెమట. లేకపోతే కనురెప్పలు. చెడిపోయిన రికార్డు ఇది."

"కళ్లకి కట్టు కట్టాను సార్. మూడుసార్లు తీశాను. మూడుసార్లూ అక్కడే మారింది."

"చూడండి సిస్టర్, తీగలు అంటించడం మీ పని. చదవడం నా పని. సైకిలు కథలు చెప్పి రోగాలు కనిపెట్టే వైద్యం నేను చదువుకోలేదు." పెదనాయన నవ్వాడు. డాక్టరూ నవ్వాడు. ఆ కాగితాన్ని చెత్తబుట్టలో పడేసి, అచ్చు ఫారం తీసి, బాగుపడే అవకాశం లేదని రాసి సంతకం చేశాడు. "రికార్డు తీసినవారు అన్నచోట మీరూ ఒక సంతకం పెట్టండి" అని ఫారం ఆమె వైపు తిప్పాడు.

సిస్టరమ్మ వంగి, చెత్తబుట్టలోంచి కాగితం తీసి, మడతలు సరిచేసి బల్ల మీద పెట్టింది.

"నేను తీసిన రికార్డు ఇది సార్. మీరు రాసింది ఇందులో లేదు. నేను సంతకం పెట్టను."

"ఉద్యోగం చెయ్యాలని ఉందా లేదా?"

"ఉంది సార్. అందుకే పెట్టను. ఇవాళ ఇది పెడితే రేపటి నుంచి నేను తీసే ఏ గీతకీ అర్థం ఉండదు. ఆమె వింటోంది సార్. మీరు ఆమె ముందు ఏమంటున్నారో కూడా వింటోంది."

ఆయన ముఖం ఎర్రబడింది. బయటికి పొమ్మన్నాడు. ఆమె కదల్లేదు. అప్పుడు జరిగింది నేను అనుకోనిది. మా నాయన లేచి బల్ల దగ్గరికి వెళ్లి, ఆ గీతల మీద వేలు పెట్టి, "సైకిలు యాడుండాదమ్మా ఇందులో?" అని అడిగాడు. సిస్టరమ్మ పెన్సిలు గుర్తు చూపించింది. నాయన దాన్ని చాలాసేపు చూశాడు. చదువు రాని మనిషి. మగ్గం మీద పోగు తెగితే మాత్రం చూపుకే కనిపెట్టేవాడు.

"అన్నా, డాక్టరు రాసిన ఆ కాగితం మనకొద్దు" అన్నాడు.

"ఏమప్పా, సుమ్నే ఊరికే ఇట్ల..."

"వొద్దంటి కదా. నా పెండ్లాం వింటా ఉండాది. పదన్నా ఇంటికి."

అన్నకి ఆయన ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ గీత మా అమ్మని బాగుచేయలేదు. ఆ మాట దాచను, దాస్తే సిస్టరమ్మే ఒప్పుకోదు. ఆమె చెప్పిన ఇంకో డాక్టరు దగ్గర వైద్యం జరిగింది. తలకి కరెంటు పెట్టారు, మందులిచ్చారు, నెలలు పట్టింది. అమ్మని అవ్వ దగ్గర ఉంచి, సిస్టరమ్మ చెప్పినట్టే రోజూ ఆమెతో మాట్లాడేవాళ్లం, జవాబు వస్తుందని ఎదురుచూడకుండా. ఒక సాయంత్రం అవ్వ లోపల వక్కలు కత్తిరిస్తోంది, నేను పక్కింటి పిల్లకి సైకిలు కథ చెబుతున్నాను. బాడిగ సైకిలు అన్నాను. వెనక నుంచి బొంగురుగా ఒక గొంతు వచ్చింది.

"బాడిగది కాదే అది. బడి మేష్ట్రుది."

ఏడాది పైన అయింది ఆ గొంతు విని. అవ్వ చేతిలోని అడకత్తెర కింద పడేసి పరిగెత్తుకొచ్చింది.

అమ్మ పూర్తిగా తేరుకున్నాక ఒకసారి నాతో అంది: "'లోపల ఏమీ మిగల్లేదు' అని ఆ డాక్టరు అన్నాడు చూడు, అప్పుడు నాకు కేక పెట్టాలనిపించింది. నోరు రాలేదు." ఇది గుర్తొచ్చినప్పుడల్లా ఆ డాక్టరు నవ్వు, పెదనాయన నవ్వు చెవుల్లో మోగుతాయి. ఎంతమంది అమ్మల పక్కన కూర్చుని ఆ మాట అని ఉంటారు! ఎన్ని ఫారాల మీద ఎదురు లేకుండా సంతకాలు పడి ఉంటాయి!

సిస్టరమ్మకి దక్కిందేమిటి? మిషను గదిలోంచి తీసి, దూది కట్టలు కట్టే గదిలో వేశారు. ఏడాదిన్నర అక్కడే. ఆమె స్థానంలో వచ్చినవాడికి కలాల్లో సిరా గడ్డకడితే తీయడం చేతకాక, చివరికి ఆమెనే మళ్లీ పిలిచారు. క్షమించమని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా దారుణం. కొన్నేళ్లకి పెద్ద డాక్టరు, బయటి ఊళ్ల నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడల్లా, వాళ్లని మిషను గదికి తీసుకొచ్చి, "మా పద్ధతి చూడండి" అని రోగిని సంతోషమైన సంగతి తలుచుకోమనేవాడు. గీత మారితే చప్పట్లు. సిస్టరమ్మ పక్కన నిలబడి తీగలు సర్దేది. ఆమె ఎవరో చెప్పేవాడు కూడా కాదు. ఈ సంగతి ఆయా నోట విని నేను మండిపడుతూ వెళ్లాను.

"మీకు కోపం రాదా సిస్టరమ్మా?"

"రాకేం, బోలెడొచ్చింది" అంది, ఎవరిదో జడ అల్లుతూనే. "ఆడమనిషి కనపడితే చాలు, 'నీ పెళ్లిరోజు తలుచుకో' అంటాడు. ఆడదానికి పెళ్లిరోజే సంతోషమని ఈయనకి ఎవరు చెప్పారు? ముందు ఆమెనో, ఆమె వాళ్లనో కూర్చోబెట్టి అడగాల గదా! అది అడగకుండా గీత కదల్లేదంటే ఎట్టా కదులుద్ది?"

తన పేరు పోయిందని కాదు ఆమె కోపం. పని చెడగొడుతున్నాడని. నాకు మాత్రం రెండూ కోపమే, ఇవాళ్టికీ.

ఆమెని మట్టి చేసిన ఎనిమిదో రోజు ఆయా మళ్లీ కబురు పంపింది. క్వార్టర్సులో ఆమె గది ఖాళీ చేస్తున్నారట. శనివారం బడి ఒంటిపూట, నేరుగా వెళ్లాను. మంచం కింద రేకుపెట్టెల నిండా గీతల కాగితాలు, మడతలు మడతలుగా, గాజుగుడ్డతో కట్టిన కట్టలు. చెడిపోయిన రికార్డులని ఆసుపత్రివాళ్లు పారేసినవన్నీ ఏరి దాచుకుంది. ఒక్కో కట్ట మీద పెన్సిలుతో తెలుగులో ఆమె రాత. 'అత్తిబెలె అమ్మాయి. మేనత్త చెవులు కుట్టించిన రోజు.' 'పోలీసు హెడ్డు. మొదటిసారి సముద్రం చూసిన రోజు.' ప్యూను వాటిని గంపలోకి ఎత్తుతున్నాడు. స్నానాల నీళ్లు కాచే పొయ్యిలో వేయమన్నారట.

అటుగా వచ్చిన పెద్ద డాక్టరుని ఆపాను. "ఇవి నాకు ఇవ్వండి."

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. "ఆసుపత్రి కాగితాలు బయటివాళ్లకి ఇవ్వకూడదమ్మా."

"ఆసుపత్రి కాగితాలైతే పొయ్యిలో ఎందుకు వేస్తున్నారు?"

"అది చెత్త."

"చెత్తే అయితే చెత్తగానే తీసుకుపోతాను. ఆ చెత్తలో మా అమ్మ ఉంది. మీరు ఇదివరకు ఒకసారి పారేశారు."

ఆయన నన్ను కాస్త పరీక్షగా చూశాడు. ఏమనుకున్నాడో, మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆయా, నేను, ప్యూనూ కలిసి కట్టలన్నీ జట్కాలోకి ఎక్కించాం.

పేట దగ్గరికి వచ్చేసరికి జట్కా చక్రం గుంటలో పడింది. పై కట్ట ఒకటి ముడి వదిలి వెనక్కి జారింది. మడతలు విడిపోతూ కాగితం రోడ్డంతా పరుచుకుపోయింది. గాలికి లేచి తోకలా కొట్టుకుంటోంది. బండి ఆపించి దూకాను. అప్పటికే పూలమ్మి ఒకామె దాని కొసని పట్టుకుంది. మిల్లు నుంచి వస్తున్న ఇద్దరు మధ్యలో ఎత్తిపట్టారు. కూరల గంప దింపి ఒక ముసలాయన, బడి సంచీతో ఒక ఆడపిల్ల, ఎవరికి అందినచోట వాళ్లు పట్టుకున్నారు. ఏమిటో తెలియకపోయినా ఎవరూ తొక్కలేదు.

"ఇదేంది మ్మా, ఇంత పొడుగుండాది?" అంది పూలమ్మి.

అంచున పెన్సిలు రాత చదివాను. 'వర్తూరు పెద్దాయన. చెరువు నిండి అలుగు పారితే కొడుకుతో కలిసి చేపలు పట్టిన రోజు.'

"వర్తూరు తాత ఒకాయనకి బాగా సంతోషమైన దినం" అన్నాను.

ఆమె కాలవలోకి జారకుండా తన కొసని కాస్త పైకెత్తి పట్టుకుంది. ఆమెని చూసి మిల్లువాళ్లూ ఎత్తారు, ముసలాయనా ఎత్తాడు. నేను ఈ చివర నుంచి ఒక్కొక్క మడతే వేసుకుంటూ వాళ్ల వైపు నడుస్తున్నాను. వాళ్లు తమ వంతు వచ్చేదాకా ఆ గీతల్ని రెండు చేతులా పట్టుకుని, రోడ్డు మధ్యలో వరసగా, కదలకుండా నిలబడ్డారు.